మారుతి తలుపులో మోటారు

(పెన్షనర్ల దినోత్సవం నాడు మన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా గారి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి, డి.ఏ. గురించి, హెల్త్ కార్డుల గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. కార్యదర్శి గారు నాకు ఇచ్చిన అంశం "విశ్రాంత జీవితంలో కాలక్షేపం". కాలక్షేపం అంటే భగవద్గీతో, నడకో చెబుతానని ఆయన అనుకుని ఉంటారు. నేను కారు తలుపు గురించి చెప్పబోతున్నాను. పదిహేను నిమిషాలు టైమిచ్చారు. మించితే గంట కొట్టండి.

నేను 35 ఏళ్లు గుమస్తాగిరీ చేసి 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. మరుసటి ఏడు గ్రాట్యుటీ డబ్బులో కొంత తీసి 2005 మోడల్ మారుతి 800 ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నాను. ఏ.సి. లేని రకం. నాలుగు తలుపులకూ చేత్తో తిప్పే హ్యాండిల్సే. 2020లో ఒకసారి, 2025లో ఇంకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాను. "అమ్మేయండి నాన్నా" అని మా అబ్బాయి అంటూనే ఉంటాడు. ఆ ఫైలు మీద నేనింకా నోటు పెట్టలేదు.

ఇక అసలు విషయం. 2019లో మా ఇంటావిడ బాత్రూములో జారిపడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు పిండికట్టు. ఎముక అతుక్కుంది గానీ మణికట్టు మునుపటిలా తిరగదు. కాఫీ గ్లాసు పట్టుకోగలదు, సీసా మూత తిప్పలేదు. ముందు సీట్లో కూర్చుంటే ఆవిడ తలుపు ఎడమ వైపు. అంటే ఆ అద్దం హ్యాండిల్ తిప్పాల్సింది సరిగ్గా ఆ చెయ్యే. కుడిచేతిని అడ్డంగా చాచి తిప్పితే భుజం పట్టేస్తుంది.

ఇదంతా నాకు తెలుసునని మీరు అనుకోవచ్చు. తెలియదు. బయల్దేరే ముందు ఆవిడ వైపు అద్దం ముప్పాతిక మూసి ఎక్కించేవాణ్ణి, చెవిలో గాలి పోతుందని. దారిలో "దించమంటావా?" అని అడిగేవాణ్ణి. "వద్దులెండి, బాగానే ఉంది" అనేది. మూడేళ్లు ఆ మాట నమ్మాను. తర్వాత తర్వాత విజయవాడ నుంచి గుంటూరు వాళ్ల చెల్లెలి ఇంటికి కూడా "మీరెళ్లి రండి" అనడం మొదలుపెట్టింది. మోకాళ్ల నొప్పులు కాబోలనుకున్నాను.

2022 మే నెలలో గుంటూరులో మా మరదలు నన్ను పక్కకు పిలిచి, "బావగారూ, అక్క మీ కారెక్కనంటోంది ఎందుకో తెలుసా? కాజ టోల్ గేటు దగ్గర కారు ఆగితే ఊపిరాడటం లేదట. మీరు దిగి అటు తిరిగి వచ్చి అద్దం దించాలని అడగలేక ఊరుకుంటోందట" అంది. ఫాస్టాగ్ వచ్చాక కూడా ఆ గేటు దగ్గర ఎండలో నిలబడ్డ రోజులున్నాయి. ఏ.సి. లేని చిన్న కారు, మే నెల, ముప్పాతిక మూసిన అద్దం. నేను నా వైపు అద్దం పూర్తిగా దించుకుని దర్జాగా కూర్చున్నాను, ఆవిడ పక్కన ఉడికిపోతూ ఉంది.

అప్పుడు నిర్ణయించుకున్నాను, ఆ తలుపుకు మోటారు పెట్టాలని.

షాపుకిస్తే ఒక పూటలో బిగిస్తారు, 1,500 కూలి అన్నారు. ఇవ్వడానికి అభ్యంతరం లేదు. అయితే మన సంఘం మిత్రులొకరు అంతకు ముందు ఏడు తమ కారుకు అలాగే వేయించుకున్నారు. ఏ షాపో చెప్పను, వారూ చెప్పవద్దన్నారు. బ్యాటరీ నుంచి వైరును ఫ్యూజు లేకుండా నేరుగా లాగి, రేకు రంధ్రంలోంచి రబ్బరు బుష్ కూడా లేకుండా తలుపులోకి పంపారు. తలుపు తీసి వేసినప్పుడల్లా రేకు అంచు వైరును కోసింది. ఒక రోజు కూరల మార్కెట్టు దగ్గర డాష్ బోర్డు కింద నుంచి పొగ వచ్చింది. ప్రాణాపాయం తప్పింది గానీ, తలుపులో ఏముందో తెలియకుండా ఆ తలుపు పక్కన నా భార్యను కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేకపోయింది.

ఆటోనగర్ వెళ్లి ముందు తలుపులు రెండింటికి సరిపడే కిట్ కొన్నాను. 2,900 రూపాయలు. కిట్లు రెండు రకాలున్నాయి. ఒక రకంలో అద్దాన్ని పైకీ కిందికీ జరిపే మిషన్ మొత్తం తీసేసి, మోటారుతో ఉన్న కొత్త మిషన్ పెడతారు. అది మన మోడల్‌కు కచ్చితంగా సరిపోవాలి. రెండో రకంలో పాత మిషన్ అలాగే ఉంటుంది. హ్యాండిల్ తగిలించే పళ్ల ఇరుసు ఉంటుంది చూడండి, దానికి ఒక బిళ్ల తొడిగి, మోటారు దాన్ని తిప్పేలా చేస్తారు. మోటారుకూ బిళ్లకూ మధ్య గొట్టంలో స్ప్రింగులా చుట్టిన తీగ ఒకటి తిరుగుతుంది. నేను రెండోది తీసుకున్నాను. తొడిగే బిళ్లలు నాలుగైదు రకాలిస్తారు. మన ఇరుసు పళ్లకు బిగుతుగా పట్టేదే వాడాలి. కొంచెం వదులుగా ఉన్నా నెల తిరక్కుండా పళ్లు అరిగిపోతాయి.

మొదటి పని, బ్యాటరీ నెగిటివ్ వైరు ఊడదీయడం. తర్వాత హ్యాండిల్. దాని వెనకాల గుర్రపు నాడా ఆకారంలో స్టీలు తీగ క్లిప్పు ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే డోర్ ప్యాడ్ చిరుగుతుంది, క్లిప్పు ఎగిరి ఎక్కడ పడుతుందో ఆ దేవుడికే తెలియాలి. పాత బనియను గుడ్డ ఒకటి హ్యాండిల్‌కూ ప్యాడ్‌కూ మధ్య దూర్చి, బూటు పాలిష్ చేసినట్టు అటూ ఇటూ లాగితే అదే ఊడి వస్తుంది. పక్కింటి ఐ.టి.ఐ. కుర్రవాడు ఈ ఉపాయం చెప్పాడు. అంతకు ముందు నేను గంటన్నర పొడిచాను.

ప్యాడ్ ప్లాస్టిక్ క్లిప్పుల మీద ఉంటుంది. ఇరవై ఏళ్ల ప్లాస్టిక్ కాబట్టి సగం విరుగుతాయి, ముందే ఓ డజను కొని పెట్టుకోండి. లోపల ఒక ప్లాస్టిక్ కాగితం అంటించి ఉంటుంది. చాలామంది అది ప్యాకింగు కాగితమనుకుని చించి పారేస్తారు. అద్దం పక్క నుంచి తలుపులోకి దిగే వాన నీరు కారు లోపలికి రాకుండా తలుపు అడుగు రంధ్రాల్లోంచి పోవడానికి ఆధారం అదే. దాన్ని జాగ్రత్తగా ఒలిచి మళ్లీ అంటించాలి. ఇంకో మాట. తలుపు లోపలి రేకు అంచులు బ్లేడుల్లా ఉంటాయి. మనలో రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లున్నారు. చేతి తొడుగు లేకుండా చెయ్యి పెట్టకండి. నాకు మూడు గాట్లు పడ్డాయి.

మోటారు ఎక్కడ పెట్టాలన్నదే అన్నిటికంటే ముఖ్యం, అక్కడే నేను తప్పు చేశాను. ఖాళీగా కనబడిన చోట రంధ్రాలు వేసి బిగించేశాను. అద్దం దించితే అంగుళంన్నర మిగిలి ఆగిపోయింది. మోటారు పట్టీ సరిగ్గా అద్దం దిగే దారిలో ఉంది! రంధ్రం వేయకముందే పాత హ్యాండిల్ తగిలించి, అద్దం పూర్తిగా దించి, అది ఎక్కడిదాకా వస్తుందో సుద్దముక్కతో గీసుకోవాలి. రెండో తలుపుకు అలాగే చేశాను. మొదటి తలుపులో అక్కర్లేని రంధ్రాలు రెండు ఇప్పటికీ ఉన్నాయి, తుప్పు పట్టకుండా రంగు పూశాను.

అద్దం జరిగే రబ్బరు బీడింగును కూడా చూసుకోవాలి. మనం చేత్తో తిప్పేటప్పుడు ఎంత బిగుతుగా ఉన్నా ఓపిగ్గా తిప్పుతాం. మోటారుకు ఆ ఓపిక ఉండదు, వేడెక్కి ఆగిపోతుంది. దుమ్ము తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టాను. గ్రీజు రాస్తే దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది.

ఇక కరెంటు. ఇంట్లో ఫ్యానుకు 75 వాట్లు, అది 230 వోల్టుల మీద ఆంపియరులో మూడో వంతు తీసుకుంటుంది. అన్నే వాట్లు కారు 12 వోల్టుల మీద కావాలంటే ఆరు ఆంపియర్లు పైన. అద్దం చివరకొచ్చి ఆగినప్పుడు ఇంకా రెండింతలు, మూడింతలు లాగుతుంది. అందుకే కారులో మోటారు చిన్నదైనా వైరు లావుగా ఉండాలి. ఈ లెక్క వేసుకోకుండా నేను మొదటి రోజు రేడియో వైరులోంచి కరెంటు తీసుకున్నాను. అద్దం నత్తలా సగం ఎక్కింది, రేడియో ఆగిపోయింది, ఫ్యూజు పోయింది.

తర్వాత సరిగా చేశాను. బ్యాటరీ నుంచి 2.5 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరు, బ్యాటరీకి జానెడు దూరంలోనే 20 ఆంపియర్ల ఫ్యూజు. ఈ ఫ్యూజు మోటారు కోసమని చాలామంది అనుకుంటారు, కాదు, వైరు కోసం. వైరు మధ్యలో ఎక్కడ రేకుకు తగిలినా నిప్పు పుట్టకముందే ఫ్యూజు పోవాలి. అందుకే అది బ్యాటరీ దగ్గరే ఉండాలి. అవతలి చివర పెడితే ఆ మధ్య వైరుకు దిక్కెవరు? ఫ్యూజు తర్వాత రిలే. తాళం తిప్పితే వచ్చే చిన్న కరెంటు రిలేకు వెళ్తుంది, అది మూసుకుంటే పెద్ద కరెంటు మోటారుకు వెళ్తుంది. మన ట్రెజరీలో ఆఫీసరు సంతకం లాంటిదన్నమాట. సంతకానికి సిరా చుక్క చాలు, దాంతో కదిలే సొమ్ము వేరే బీరువాలో ఉంటుంది. తాళం తీసేస్తే అద్దాలు కదలవు.

ప్రతి వైరుకూ చీటీ కట్టాను. పటం గీసి, తేదీ వేసి, ప్లాస్టిక్ కవరులో గ్లవ్ బాక్సులో పెట్టాను. నా తర్వాత ఎవరు ఆ తలుపు విప్పినా వెతుక్కోనక్కర్లేదు. మూడు రోజుల పని అనుకున్నది పదకొండు రోజులు పట్టింది. వైర్లు, రిలే, బుష్‌లు, క్లిప్పులతో కలిపి మొత్తం ఖర్చు 3,740. ఆవిడ తలుపు చేతి దిండు మీద స్విచ్చి పెట్టి, ఎక్కించి, "నొక్కు" అన్నాను. నొక్కింది. అద్దం దిగింది. మళ్లీ నొక్కింది, ఎక్కింది. "ఇంకా ముందే చెయ్యకపోయారా" అంది. అంతే.

ఇక్కడితో ఆపేస్తే బాగుండును. గంట కొట్టలేదు కాబట్టి, ఇంటిదగ్గర మనవలున్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి తర్వాతిది కూడా చెప్పాలి.

ఆ ఏడు దసరా సెలవులకు మా అబ్బాయి, కోడలు, నాలుగేళ్ల మనవడు వచ్చారు. ఒక సాయంత్రం ఇంటి ముందు కారు బానెట్ తీసి నీళ్లు పోస్తున్నాను. రేడియోలో పాటలు వింటున్నాను కాబట్టి తాళం తిప్పే ఉంది. వాడు ముందు సీటు ఎక్కి, తలా ఒక చెయ్యీ అద్దంలోంచి బయటపెట్టి వీధిలో పిల్లల్ని కేకేస్తున్నాడు. నిలబడటానికి మోకాలు చేతి దిండు మీద ఆనించాడు. అక్కడ స్విచ్చి ఉంది. నొక్కితే ఒక వైపు కిందికి, ఒక వైపు పైకి వెళ్లే రకం. వాడి మోకాలు పైకి వెళ్లే వైపు పడింది.

అద్దం ఎక్కి వాడి చంక కింద పట్టుకుంది. వాడు గింజుకున్నకొద్దీ మోకాలు ఇంకా బలంగా నొక్కింది. నేను పరుగెత్తి అద్దాన్ని రెండు చేతులతో కిందికి తోశాను. కదల్లేదు. మోటారు పళ్లు అటు నుంచి ఇటు తిప్పుతాయే గాని, మనం తోస్తే వెనక్కి తిరగవు. ఈ సంగతి నాకు కాగితం మీద తెలుసు, ఆ క్షణాన గుర్తు రాలేదు. మా ఇంటావిడ అరుగు దిగి వచ్చి, డ్రైవరు వైపు తలుపులోంచి లోపలికి వంగి, వాడి మోకాలు పక్కకు తోసి స్విచ్చి రెండో వైపు నొక్కింది. ఆవిడకు తట్టింది, నాకు తట్టలేదు.

చంక కింద ఎర్రటి వాత నాలుగు రోజులుంది. డాక్టరు చూసి పరవాలేదన్నాడు. మా కోడలు నన్నొక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది. ఇంకో నాలుగు అంగుళాలు కిందికి వంగి ఉంటే అది చంక కాదు, మెడ.

కొత్త కార్లు చాలావాటిలో అద్దం ఎక్కాలంటే స్విచ్చిని వేలితో పైకి లాగాలి. మోకాలు నొక్కితే అద్దం దిగుతుంది గాని ఎక్కదు. కొన్నిటిలో అడ్డం తగిలితే అద్దం తనంతట తాను వెనక్కి దిగుతుంది. నా కిట్‌లో ఈ రెండూ లేవు. కొనేటప్పుడు ఆ ప్రశ్న నేను అడగనూ లేదు. మోటారులో వేడెక్కితే ఆపే ఏర్పాటు ఉంది గాని, అది మోటారును కాపాడటానికి. మర్నాడు కీర దోసకాయ ఒకటి అద్దం మధ్య పెట్టి చూశాను. మోటారు ఆగేలోగా అది నలిగి నీళ్లు కారింది. దాన్ని మా అబ్బాయికి చూపించాను. వాడు తల పంకించి లోపలికి వెళ్లిపోయాడు.

ఆ వారమే మళ్లీ ప్యాడ్లు విప్పాను. తలుపుల మీద స్విచ్చులు తీసేసి, రెండూ కలిపి డాష్ బోర్డు మధ్యన, గేరు రాడ్డుకు ముందు, చిన్న చెక్క పెట్టె చేసి దాని గుంటలో బిగించాను. అంచు అర అంగుళం పైకి ఉంటుంది, వేలు పెడితే తప్ప నొక్కుకోదు. డ్రైవరు కుడి మోకాలి దగ్గర ఇంకో స్విచ్చి పెట్టాను, అది ఆపితే ఎడమ అద్దం అసలు కదలదు. పిల్లలు కారులో ఉండగా తాళం వదలడం మానేశాను, రేడియో ఉన్నా లేకపోయినా.

ఇలా మార్చాక ఒకటి గమనించి సిగ్గుపడ్డాను. మొదట నేను స్విచ్చి పెట్టింది ఆవిడ ఎడమ చేతి దగ్గర, అంటే విరిగిన చేతి దగ్గర. పాత హ్యాండిల్ అక్కడ ఉండేది కాబట్టి అక్కడే పెట్టేశాను. ఆఫీసులో పాత ఫైలు చూసి నోటు రాసినట్టు. ఇప్పుడు మధ్యలో ఉంది కాబట్టి ఆవిడ కుడిచేత్తో నొక్కుతోంది. పైగా తలుపు సందులోంచి వెళ్లే వైర్లు ఐదు నుంచి రెండుకు తగ్గాయి. తెగేవి అక్కడే కదా, అదీ మేలైంది. నొక్కేటప్పుడు అద్దం మీద చూపు ఉంచమని ఆవిడకు చెప్పాను, ఆవిడ నాకు చెప్పింది.

వెనక తలుపులకు కూడా వేయించమని అడిగేవాళ్లున్నారు. నేను వేయలేదు, వేయను. వెనక కూర్చునేది ఎక్కువగా పిల్లలు. ఇంకో కారణం కూడా ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద మీరంతా చూసిందే. సింగ్ నగర్ వైపు ఎన్ని కార్లు అద్దాల దాకా మునిగాయో లెక్కలేదు. నీళ్లలో చిక్కుకుంటే బయటి నీటి ఒత్తిడికి తలుపు తెరుచుకోదు, తడిసిన మోటారు ఎంతసేపు పని చేస్తుందో నమ్మకం లేదు. చేత్తో తిప్పే హ్యాండిల్ రెండైనా ఉంటే మేలు. పక్క అద్దం పగలగొట్టే చిన్న సుత్తి ఒకటి చేతికందేలా పెట్టుకోండి. ముందు పెద్ద అద్దం మీద దాన్ని ప్రయోగించకండి, అది రెండు అద్దాల మధ్య పొర పెట్టి అతికించింది, బీటలు వారుతుందే గాని ఊడి రాదు.

ఇన్సూరెన్సు ఒకటి మర్చిపోయాను. కంపెనీ ఇవ్వని ఎలక్ట్రికల్ సామాను కారులో పెడితే, సొంత నష్టం కూడా కలిపిన పాలసీ ఉన్నవాళ్లు దాన్ని విడిగా ప్రకటించి కొంచెం ప్రీమియం కట్టాలి. లేకపోతే ఆ సామాను పోయినప్పుడు క్లెయిమ్ రాదు. ఒక ఉత్తరం ముక్క రాసి, నకలు మీద రసీదు ముద్ర వేయించుకోండి. అది ఎలాగో మనకెవరూ నేర్పక్కర్లేదు.

ఊడదీసిన ముందు తలుపుల హ్యాండిల్స్ రెండూ, క్లిప్పులతో సహా డబ్బాలో దాచాను. మోటారు మొరాయిస్తే బిళ్ల తీసి అదే ఇరుసుకు మళ్లీ తగిలించవచ్చు.

కారు బయట వేపచెట్టు కింద ఉంది. చూడాలనుకున్నవారు టీ తర్వాత రండి, డోర్ ప్యాడ్ విప్పడానికి పది నిమిషాలు చాలు, స్క్రూడ్రైవరు జేబులోనే ఉంది. మా ఇంటావిడ కూడా వచ్చింది, ముందు సీట్లో కూర్చుని ఉంది. అద్దం దించి చూపించమని నన్నడక్కండి, ఆవిణ్ణి అడగండి.